పువ్వు కాకముందే లవంగం

మొన్న శనివారం దవడ పట్టుకుని డెంటిస్టు దగ్గరికి వెళ్ళాను. అప్పటికి రెండు రాత్రులు నిద్ర లేదు. పుచ్చు శుభ్రం చేసి, ప్రస్తుతానికి తాత్కాలికంగా మూసేస్తాను, నొప్పి తగ్గాక అసలు ఫిల్లింగ్ పెడదాం అన్నారావిడ. పక్కన అసిస్టెంటు అమ్మాయి చిన్న గాజు పలక మీద తెల్లటి పొడి పోసి, సీసాలోంచి రెండు చుక్కలు వేసి నూరుతోంది. ఆ వాసన తగలగానే శ్రీకాకుళంలో మా పాతింటి వసారా, నాయనమ్మ చీర కొంగు గుర్తొచ్చాయి.

"లవంగం వాసన కదండీ ఇది?" అని అడిగాను.

"అవునమ్మా. అందులో ఉండే యూజెనాలే. పొడి జింక్ ఆక్సైడ్. రెండూ కలిస్తే సిమెంటులా గట్టిపడుతుంది, పన్ను లోపల సలుపు కూడా తగ్గుతుంది" అన్నారు. పళ్ళ డాక్టర్లు ఈ మిశ్రమాన్ని నూరేళ్ళకు పైగా వాడుతున్నారట.

నా చిన్నప్పుడు రాత్రిళ్ళు పన్ను నొప్పి అని ఏడిస్తే నాయనమ్మ లేచి పోపుల డబ్బా తీసేది. ఒక లవంగాన్ని బొటనవేలి గోరుతో నొక్కి దీపం దగ్గర పెట్టి చూసేది. గోరు దిగిన చోట నూనె తడి మెరవాలి. మెరవకపోతే అది పక్కన పెట్టి ఇంకోటి తీసేది. "నమలకు తల్లీ, పంటి మీద పెట్టి అదిమి పట్టు" అనేది. మొదట చుర్రుమనేది. కాసేపటికి చెంప లోపలంతా మొద్దుబారి, ఆవిడ ఒళ్ళోనే నిద్రపోయేదాన్ని. నూనె తీసేసిన లవంగాలు కూడా బజారులో కలిపి అమ్ముతారని, గోరుతో నొక్కితే ఆ మోసం బయటపడుతుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

క్లినిక్ నుంచి వచ్చిన రాత్రి నాలుగు లవంగాలు గోరువెచ్చటి నీళ్ళల్లో నానేశాను. నలభై ఏళ్ళుగా కూరల్లో వేస్తున్నానే గానీ, ఒక్కసారైనా విప్పి చూడలేదు. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని గుండుసూదితో మొదలుపెట్టాను. పైన ఉండే చిన్న గుండుని నాలుగు మొనదేలిన రక్షక పత్రాలు పట్టుకుని ఉంటాయి. ఆ గుండు గింజేమీ కాదు, ఒకదాని మీద ఒకటి మూసుకున్న నాలుగు పూరేకులు. సూదితో మెల్లగా లేపితే టోపీలాగా ఊడి వచ్చింది. కింద సన్నటి కేసరాలు బోలెడు, అన్నీ లోపలికి వంగి, మధ్యలో కీలం చుట్టూ కిక్కిరిసి ఉన్నాయి. మనం కాడ అనుకునేది కూడా పువ్వు అడుగు భాగమే. రేపో ఎల్లుండో విచ్చుకోవాల్సిన పువ్వు మొత్తం అందులో ఉంది.

మందంతా ఆ విచ్చుకోకపోవడంలోనే ఉంది. గుత్తిలో మొగ్గలు ఆకుపచ్చ నుంచి లేత గులాబీ రంగుకి తిరిగేటప్పుడు చేత్తో కోయాలి. విచ్చుకుందంటే ఆ రేకుల టోపీ రాలిపోతుంది, ఇక అది మంచి లవంగం కింద అమ్ముడుపోదు. కోసినవాటిని నాలుగైదు రోజులు ఎండబెడితే మూడు కిలోల పచ్చి మొగ్గలకి ఒక కిలో వస్తుంది. మొగ్గల్ని మందుగా వాడటం వేరేచోట్లా ఉంది. చైనా వైద్యంలో ముక్కు దిబ్బడకి మాగ్నోలియా మొగ్గలు వాడతారు, యూరప్‌లో పోప్లర్ మొగ్గలతో లేపనం చేసేవారు. కానీ ప్రతి ఇంటి పోపుల డబ్బాలోకీ చేరిన మొగ్గ లవంగమే. అమరకోశం దీన్ని దేవకుసుమం అంది.

నోరు శుభ్రంగా, సువాసనగా ఉండాలంటే జాజికాయ, వక్క, లవంగం, ఏలకి, కర్పూరం, తమలపాకు నోట్లో పెట్టుకోమని చరక సంహితలో ఉంది. చైనాలో సుమారు రెండు వేల ఏళ్ళ కింద, హాన్ వంశపు చక్రవర్తుల ముందు మాట్లాడే అధికారులు నోట్లో లవంగం పెట్టుకోవాల్సి వచ్చేది. ఆ కాలంలో ఈ చెట్లు ఇండోనేషియా తూర్పున ఉన్న మలుకు దీవుల్లో, అంటే తెర్నాతె, తిదోరె, వాటి చుట్టుపక్కలే ఉండేవి. మన దేశంలో మొక్క నాటింది సుమారు 1800లో, ఈస్టిండియా కంపెనీ వాళ్ళు, తమిళనాడు కుట్రాలంలో. అంతకుముందు మన వైద్యులు వాడిన ప్రతి లవంగమూ సముద్రం దాటి వచ్చిందే.

ఇది తెలిశాక కాళిదాసు రఘువంశంలో ఇందుమతీ స్వయంవరం మళ్ళీ తీసి చదివాను. కళింగ రాజుని చూపిస్తూ ద్వారపాలిక సునంద ఇందుమతితో అంటుంది: ఇతనితో తాటి తోపులు గలగలలాడే సముద్ర తీరాన విహరించు, ద్వీపాంతరాల నుంచి లవంగ పూలను మోసుకొచ్చే గాలులు నీ చెమట తుడుస్తాయి అని. కళింగపట్నం బీచ్ మా ఊరికి దగ్గరే. చిన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్ళామో. ఆ తీరాన్ని కాళిదాసు లవంగాలతో కలిపి చెప్పాడని బళ్ళో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ గాలిని వేరేగా పీల్చేవాళ్ళం.

తర్వాతి చరిత్ర చదివితే మాత్రం మనసు పాడవుతుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ధర పడిపోకూడదని మలుకులో తమ అధీనంలోని అంబన్ ప్రాంతం తప్ప మిగతా దీవుల్లో లవంగం చెట్లు నరికించారు. 1770లో పియర్ పోవ్ర్ అనే ఫ్రెంచి అధికారి రహస్యంగా మొక్కలు తెప్పించి మారిషస్‌లో నాటించాడు. అక్కడి నుంచి ఆ మొక్కలు తూర్పు ఆఫ్రికా తీరాన ఉన్న జాంజిబార్ దీవికి చేరాయి, అక్కడ బానిసల చేత తోటలు పెంచారు.

ఇక నా పన్ను సంగతి. లవంగం నొప్పిని ఆపుతుంది గానీ పుచ్చుని ఆపదు. వారం రోజులు లవంగాలు పెట్టుకుంటూ నెట్టుకొచ్చి నేను తప్పు చేశాను, ఈలోపు పుచ్చు లోపలికి వెళ్ళిపోయింది. బజారులో దొరికే లవంగ నూనె నేరుగా రాస్తే చిగుళ్ళు కాలతాయి. చిన్నపిల్లలు మింగితే ప్రమాదం, కాలేయానికి దెబ్బ. సీసా వాళ్ళకి అందకుండా పెట్టండి.

నిన్న కిరాణా కొట్లో యాభై గ్రాములు తీసుకున్నాను. ఇంటికొచ్చి పేపరు మీద పోసి ఒక్కొక్కటీ గోరుతో నొక్కాను. పదకొండు పొడిగా ఉన్నాయి, వాటిని పక్కకి తీశాను. అసలు ఫిల్లింగ్ వచ్చే మంగళవారం.