జెరూసలేంలో టోవ్ అంటే చాలు

బెన్ గురియన్ ఎయిర్‌పోర్టులో దిగేసరికి నాకు వచ్చిన హీబ్రూ 'షలోం' ఒక్కటే. మా వదిన జెరూసలేంలో ఒక ముసలామె దగ్గర కేర్‌గివర్‌గా చేస్తోంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఈ పని మీద అక్కడికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. "టోవ్ అనే మాట నేర్చుకో, నెట్టుకొస్తవ్" అంది వదిన.

టోవ్ అంటే మంచి. పొద్దున బోకెర్ టోవ్, సాయంత్రం ఎరెవ్ టోవ్, పడుకునేముందు లైలా టోవ్. ఫోన్లో వదిన "టోవ్, టోవ్" అంటుంటే అచ్చం మన "సరే, సరే"లాగే ఉంది.

ఇంతవరకు సులువే. మన 'మంచి' అబ్బాయికైనా అమ్మాయికైనా మారదు, పేరుకు ముందే ఉంటుంది. హీబ్రూలో విశేషణం నామవాచకం వెనక వస్తుంది, పైగా దాని లింగాన్నీ వచనాన్నీ బట్టి మారుతుంది: టోవ్, టొవా, టొవీమ్, టొవోట్. నేను వెళ్లింది రోష్ హషనా, అంటే యూదుల కొత్త సంవత్సరం ముందు. ఎవరి నోట విన్నా 'షనా టొవా'యే. సంవత్సరం వాళ్లకు స్త్రీలింగం. లైలా చివర కూడా 'ఆ' వినిపిస్తుంది గానీ రాత్రి పుంలింగం, అందుకే లైలా టోవ్.

అసలు పాఠం మహనే యెహుదా మార్కెట్లో జరిగింది. పండగ రద్దీ, అడుగు తీసి అడుగు వేయలేం. ఎక్కడ చూసినా తేనె సీసాలు, ఖర్జూరాలు. ఆపిల్ ముక్కను తేనెలో ముంచి తింటూ "షనా టొవా ఉమెటుకా" అంటారు, మంచిగా, తియ్యగా ఉండే ఏడు కావాలని. మన ఉగాది పచ్చడిలో వేపపువ్వు తప్పదు, ఈ ముక్కలో చేదుకు చోటే లేదు! వదిన దానిమ్మలు చూపించి "రిమోనీమ్ టొవీమ్" అంది, పక్కనే అంజూరాలు చూపించి "టెఎనీమ్ టొవోట్" అంది. రెండు పేర్లూ 'ఈమ్'తోనే ముగిశాయి కదా అంటే, అంజూరం ఆడది, బహువచనంలో మగవేషం వేస్తుందంది. కొట్టతను ఎర్రబడ్డ వేళ్లతో దానిమ్మ చీల్చి మా అరచేతుల్లో నాలుగు గింజలు రాల్చాడు. తిని "టోవ్!" అన్నాను. తూకం వేసేశాడు.

ముసలామె మనవరాలి పెళ్లి మంగళవారం పెట్టుకున్నారు. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో సృష్టి జరిగిన మూడో రోజు గురించి 'కీ టోవ్', అంటే 'మంచిదని', రెండుసార్లు ఉంటుంది. వాళ్ల వారం ఆదివారంతో మొదలవుతుంది కాబట్టి ఆ మూడో రోజు మంగళవారం. చాలామంది ఏరికోరి ఆ రోజే పెళ్లి పెట్టుకుంటారట.

ఈ సంగతి వీడియో కాల్లో చెబితే జగిత్యాలలో ఉన్న అత్తమ్మ ఉలిక్కిపడింది. "మంగళవారం పెండ్లేంది బిడ్డా? ముందురోజు సోమవారం పెట్టుకోరాదా?"

"రెండో రోజుకే టోవ్ లేదమ్మా" అంది వదిన.