మా ఊరికి పంద్రాగస్టు రెండేళ్ళు లేటుగా వచ్చింది

పోయిన వారం మా పెద్దోడు స్పీచ్ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఏడో తరగతి. "అమ్మా ఒకసారి వినవా, తప్పులుంటే చెప్పు" అన్నాడు, చపాతీలు ఒత్తుకుంటూనే చదవమన్నా. "1947 ఆగస్టు 15 అర్ధరాత్రి దేశంలోని ప్రతి ఊళ్ళో జెండా ఎగిరింది, ప్రతి ఇంట్లో దీపాలు వెలిగాయి" అని మొదలెట్టాడు. అక్కడే ఆపేశా. మన ఊళ్ళో ఎగరలేదు నాన్నా అన్నా. వాడు నమ్మలేదు, పుస్తకంలో అలా లేదు కదా అంటాడు.

మాది వరంగల్ వైపు, పరకాల దగ్గర పల్లెటూరు. 47లో మా నానమ్మకి పదేళ్ళు. నేను చిన్నప్పుడు బడి నుంచి చాక్లెట్ తెచ్చుకుని పంద్రాగస్టు గురించి గొప్పగా చెప్తుంటే ఆమె ఒకటే మాట అనేది, "గప్పుడు మాకేడిది బిడ్డా పంద్రాగస్టు, జెండా ముట్టుకుంటే జైలే" అని. అప్పట్లో ముసలావిడ ఏదో అంటుందిలే అనుకున్నా, పెద్దయ్యాక చదివితే గానీ ఆమె మాటలో ఎంత ఉందో అర్థం కాలేదు.

ఆ రోజుకి మేం బ్రిటిష్ ఇండియాలో లేం, నిజాం రాజ్యంలో ఉన్నాం. అటు కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రం కాబట్టి బెజవాడలో, గుంటూరులో ఊరేగింపులు తీశారు, మిఠాయిలు పంచారు. ఇక్కడ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జూన్‌లోనే ఫర్మానా ఇచ్చేశాడు, ఇండియాలో కలవం, పాకిస్తాన్‌లో కలవం, మేం స్వతంత్రం అని. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ వాళ్ళేమో ఆగస్టు 7న ఇండియన్ యూనియన్‌లో చేరాలి అని ఊరూరా సభలు పెట్టమన్నారు. ఆగస్టు 15 వచ్చేసరికి మూడు రంగుల జెండా ఎగరేయడం నేరం ఇక్కడ. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ గారు హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో జెండా ఎగరేసి అరెస్టయ్యారు. దేశానికి స్వతంత్రం వచ్చిన రోజు ఆ దేశం జెండా ఎగరేసినందుకు జైలు! ఈ ఒక్క ముక్క మా వాడి పుస్తకంలో ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది నాకు.

అంతకు ముందు ఏడాదే వరంగల్ కోటలో బత్తిని మొగిలయ్య గారిని చంపేశారు, 1946 ఆగస్టు 11న, అదీ జెండా గొడవే. ఇక మా పరకాల సంగతి. 1947 సెప్టెంబర్ 2, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం జెండాలు పట్టుకుని పరకాలకి నడిచొచ్చారు, ఊరి మధ్యలో ఎగరేద్దామని. వాళ్ళ చేతుల్లో తుపాకుల్లేవు, జెండా కర్రలే. నిజాం పోలీసులు, నిజాం వైపు పనిచేసే ప్రైవేటు సైన్యం రజాకార్లు కాల్పులు జరిపారు, చాలామంది చనిపోయారు. మా నానమ్మ వాళ్ళ మేనమామ ఆ రోజు పోయి తిరిగొచ్చాడంట గానీ చాలా రోజులు ఇంట్లో ఎవరితో మాట్లాడలేదంట, పశువుల కొట్టంలో కూర్చుని గోడ చూస్తుండేవాడంట. అక్కడ ఇప్పుడు వాళ్ళ గుర్తుగా అమరధామం అని కట్టారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు దాన్ని. నాకు ఆ పోలిక కూడా అక్కర్లేదనిపిస్తుంది, పరకాలని పరకాల అనే గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక్కడొక సంగతి చెప్పాలి, ఆ జనం ప్రాణాలిచ్చిన ఆ జెండా మొదలైంది కూడా తెలుగు నేల మీదే కదా. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు గాంధీకి జెండా నమూనా ఇచ్చారు, ఎరుపు, ఆకుపచ్చ రంగులతో. గాంధీ దానికి తెలుపు కూడా కలపమన్నారు, చరఖా ఉంది. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది, 1947 జులై 22న రాజ్యాంగ సభ చరఖా ప్లేస్‌లో అశోక చక్రం పెట్టి ఓకే చేసింది. అంటే పరకాల కాల్పులకి సరిగ్గా నెలా పదకొండు రోజుల ముందు. పల్లెల్లో అంత తొందరగా కొత్త జెండాలు ఎక్కడ దొరుకుతాయి, మా నానమ్మ చూసినవి చరఖా ఉన్న పాత జెండాలే.

తర్వాత 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17కి నిజాం లొంగిపోయాడు, మా దగ్గర అందరూ పోలీస్ యాక్షన్ అనే అంటారు. ఆ 17ని ఏ పేరుతో పిలవాలో ఇప్పటికీ తేలలేదు, విమోచనం అంటారు, విలీనం అంటారు, సమైక్యత అన్నారు, ప్రజాపాలన అన్నారు, గవర్నమెంట్ మారితే పేరు మారుతుంది. నానమ్మ ఇంకోటి కూడా చెప్పేది, ఆ తర్వాత రోజుల్లో రజాకార్లతో ఏ సంబంధం లేని ముస్లింలు కూడా చాలాచోట్ల బలైపోయారని, వాళ్ళ వీధిలో దర్జీ కుటుంబం రాత్రికి రాత్రే ఊరు వదిలి పోయిందని, ఆమె స్నేహితురాలు మళ్ళీ కనపడలేదని. ఢిల్లీ నుంచి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ కూడా ఆ చావుల గురించే రిపోర్టు ఇచ్చింది, అది ఏళ్ళ తరబడి బయటికి రాలేదు. ఇది కూడా మా వాడికి చెప్పాను. సగం చెప్తే అబద్ధం చెప్పినట్టే అనిపించింది.

అలా లెక్కేస్తే మా ఊళ్ళో మొదటి పంద్రాగస్టు 1949లో జరిగింది. 48 ఆగస్టుకి ఇంకా నిజాం రాజ్యమే కదా. నానమ్మకి అప్పటికి పన్నెండేళ్ళు, పెళ్ళి కూడా కుదిరింది. బడి ముందు వెదురు కర్రకి సున్నం పూసి పాతారంట, జెండాలో గన్నేరు పూలు పెట్టి కట్టారంట, అందరికీ బెల్లం, పుట్నాలు. ఆ మేనమామే తాడు లాగాడంట. పూలు మీద పడుతుంటే ఏడ్చాడంట. ఇది చెప్పిన ప్రతిసారీ ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకునేది.

మా టైంలో అంటే తొంభైల్లో జెండా పండగ అంటే ముందు రోజు సాయంత్రం నుంచే హడావుడి. మైదా పిండితో లై ఉడకబెట్టి, సుతిలి తాడుకి రంగు కాగితాలు అంటించి, గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీసి, తెల్లారి ఆరింటికే ప్రభాత భేరి, లైన్‌గా ఊరంతా తిరుగుతూ గొంతు పోయేదాకా అరిచేవాళ్ళం. బోలో స్వతంత్ర భారత్ కీ అంటే జై అని. పీటీ సార్ మాత్రం ముడి దగ్గరే ఉండేవారు, ఒక్క లాగుకి విడిపోవాలి, లేకపోతే అందరి ముందు జెండా ఇరుక్కుంటుంది. పది సార్లు వేసి విప్పి చూసుకునేవారు. ఆయనే చెప్పారు నాకు తేడా, పంద్రాగస్టుకి జెండా కింద కట్టి పైకి లాగి ఎగరేయాలి, పరాయి పాలన పోయి కొత్తగా లేచాం కాబట్టి, ఛబ్బీస్ జనవరికి పైనే కట్టి ఉంచి విప్పితే చాలు, అప్పటికే మనం స్వతంత్ర దేశం కాబట్టి. మొదటిది ప్రధాని, రెండోది రాష్ట్రపతి చేస్తారు. చాలా స్కూళ్ళలో రెండు రోజులూ పైనే కట్టేస్తున్నారు ఇప్పుడు, చూస్తే నాకు బాధేస్తుంది, కింద నుంచి పైకి వెళ్ళే ఆ కొన్ని సెకన్లే కదా అసలు పంద్రాగస్టు.

ఎర్రకోట గురించి కూడా మా వాడి స్పీచ్‌లో తప్పుంది, నెహ్రూ అక్కడ మొదటిసారి జెండా ఎగరేసింది 15న కాదు 16న. రాష్ట్రాల్లో ముఖ్యమంత్రులు ఎగరేయడం కూడా మొదటి నుంచీ లేదు, 1974 నుంచే, తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి అడిగితే ఇచ్చారు, అంతకు ముందు గవర్నర్లే. మన తెలంగాణలో 2014 నుంచి గోల్కొండ కోటలో చేస్తున్నారు. మామూలు మనుషులం మన ఇంటి మీద ఏ రోజైనా ఎగరేసుకోవచ్చు అన్నది ఇంకా లేటు, జెండా నియమాలు చెప్పే ఫ్లాగ్ కోడ్ 2002లో మారింది, పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు అది మన హక్కేనని 2004లో చెప్పింది. ఆ తాడు మా ఊరి రైతు చేతికి రావడానికి ఎన్ని మెట్లు ఎక్కాల్సి వచ్చిందో చూడండి.

ఆదివారం వాడిని పరకాల తీసుకెళ్ళా. అమరధామం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, "వీళ్ళు జెండా ఎగరేయడానికే వచ్చారా అమ్మా, ఇంకేం చేయలేదా" అని అడిగాడు. ఇంకేం చేయలేదు అన్నా. తిరుగు బస్సులో ఏం మాట్లాడలేదు, ఇంటికి రాగానే కాగితం తీసి మొదటి లైన్ కొట్టేసి మళ్ళీ రాసుకున్నాడు.

స్కూల్లో టీచర్ రెండు నిమిషాలే టైం, తగ్గించు అన్నారంట. ఎర్రకోట తీసేశాడు, పరకాల ఉంచాడు.