తివాచీ వెనక్కి తిప్పమన్నందుకు

హాల్లోకి చేత్తో చేసిన ఉన్ని తివాచీ కొందామని బయల్దేరి, చివరికి వరంగల్ జంపఖానా (నూలు దర్రీ) తెచ్చుకున్నాం. కొలతలు, రంగు ఇంట్లోనే తేలిపోయాయి. సోఫా ముందు కాళ్ళు తివాచీ మీదికి వచ్చేలా కొలుచుకుంటే చాలు. చిన్నది తెస్తే హాలు మధ్యలో తువ్వాలు ఆరేసినట్టుంటుంది. నా బీపీ పెరిగిందంతా షోరూమ్‌లోనే.

హైదరాబాద్‌లో బాగా పేరున్న షోరూమ్. పేరు రాయను. లోపలికి వెళ్ళగానే టీ ఇచ్చారు, కుర్రాళ్ళు ఒకదాని మీద ఒకటి పరిచేస్తున్నారు. 5 బై 8 అడుగుల ఎర్ర తివాచీ ఒకటి నచ్చింది. "హ్యాండ్ మేడ్ మేడం, ప్యూర్ ఉన్ని, చదరపు అంగుళానికి వంద ముడులు. మీ కోసం పద్ధెనిమిది వేలకే" అన్నాడు సేల్స్ ఆయన. "ఒకసారి తిరగేసి చూపిస్తారా?" అన్నాను.

"కాళ్ళ కింద వేసుకునేదానికి వెనకాల ఎందుకు మేడం?" అని పెద్దగా నవ్వాడు. పక్కన కూర్చున్న ఇంకో కుటుంబం కూడా నవ్వింది. పట్టుచీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూడనిదే బిల్లు వేయించని వాళ్ళం మనం. ఇక్కడ మాత్రం అడగడమే తప్పయింది.

నేనే వంగి మూల పట్టుకుని తిప్పాను. వెనకంతా తెల్ల గుడ్డ అంటించి ఉంది. చేత్తో ముడి వేసిన తివాచీకి వెనక గుడ్డ అక్కర్లేదు. ముందున్న పువ్వే వెనకా కనిపిస్తుంది, వేలితో రాస్తే ముడులు తగులుతాయి. ఇది టఫ్టెడ్ రకం. చట్రానికి గుడ్డ బిగించి, గన్‌తో ఉన్ని పోగులు గుచ్చి, అవి ఊడకుండా వెనక రబ్బరు జిగురు పూసి, ఆ జిగురు కనబడకుండా ఇంకో గుడ్డ అంటిస్తారు. గన్ పట్టుకున్నది మనిషే కాబట్టి 'హ్యాండ్ మేడ్' అంటే అబద్ధం కాదట! కొన్నేళ్ళకు ఆ జిగురు ఎండి పొడిపొడిగా రాలుతుంది. కుచ్చులు కూడా విడిగా కుట్టినవే. అసలు తివాచీలో కుచ్చులంటే పడుగు (నిలువు) పోగుల చివరలు, లోపలి నుంచే వస్తాయి.

ఇది చెప్పేసరికి "బడ్జెట్ ప్రాబ్లమైతే మొహమాటపడకండి మేడం, కింద ఫ్లోర్‌లో మెషీన్‌వి ఉన్నాయి" అన్నాడు, అందరికీ వినిపించేలా. చెవులు వేడెక్కిపోయాయి. మా ఆయనేమో "పోనీలే, పద" అంటూ మోచెయ్యి లాగుతున్నాడు. అప్పుడు ఆయన మీద వచ్చినంత కోపం ఆ సేల్స్ మనిషి మీద కూడా రాలేదు.

ఫోన్ తీసి అక్కడే లెక్క వేశాను. 5 బై 8 అంటే 40 చదరపు అడుగులు, 5,760 చదరపు అంగుళాలు. అంగుళానికి వంద చొప్పున 5,76,000 ముడులు. ఒక మనిషి రోజుకు ఎనిమిది వేలు వేసినా 72 రోజుల పని. పద్ధెనిమిది వేలను 72 రోజులకు పంచితే రోజుకు 250 రూపాయలు. అందులోనే ఉన్ని, రంగు, లారీ కిరాయి, మీ ఏసీ, మీ టీ. ఇక నేసినవాడికి ఏం మిగిలింది బాబూ? అని అడిగాను. నవ్వినవాళ్ళు నవ్వడం మానేశారు. అందులో ఒకావిడ తను బేరమాడుతున్న తివాచీ మూల ఎత్తి చూసింది. లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే, ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

అప్పుడు మేనేజర్ వచ్చి, మర్యాదగా, మెరిసిపోయేది ఒకటి పరిచాడు. "బాంబూ సిల్క్." పట్టు కాదది, విస్కోస్, అంటే చెట్ల గుజ్జుతో తయారుచేసే పోగు. తడిస్తే బలహీనపడుతుంది, మరక పడితే అంత తేలిగ్గా వదలదు. ఒక పోగు కాల్చి చూస్తానంటే ఒప్పుకోలేదు. పట్టూ ఉన్నీ కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, విస్కోసూ నూలూ కాగితం వాసన, పాలిస్టర్ అయితే కరిగి ఉండ కడుతుంది. పోనీ ఏలూరు తివాచీలు ఉన్నాయా అంటే "అవెక్కడివి?" అన్నాడు. తరాలుగా మన దగ్గరే ఉన్ని తివాచీలు నేసిన ఊరు, తివాచీలు అమ్ముకునే మనిషికి తెలియదు! మన మొహమాటమే వీళ్ళకు సగం లాభం.

తర్వాత వరంగల్ కొత్తవాడకు వెళ్ళాం. అక్కడ చెప్పుకోవడానికి గొడవేమీ లేదు. మగ్గం మీద ఉన్నదాన్నే చూపించారు. పేక (అడ్డపోగు) వేయడం, పంజాతో, అంటే దువ్వెనలాంటి పనిముట్టుతో గట్టిగా కొట్టడం, మళ్ళీ పేక. నూలు జంపఖానాకు రెండు వైపులా ఒకటే డిజైన్, తిరగేసి వాడుకోవచ్చు. ఒకవైపు వెలిసినట్టుంటే అది ప్రింటే. తడిపిన తెల్ల గుడ్డతో ఎరుపు మీద రుద్దాను, రంగు అంటలేదు. అడిగితే ఎవరూ నవ్వలేదు, ఇంకోచోట కూడా రుద్దమన్నారు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మేం కొన్నదానికి షోరూమ్ ధరలో మూడో వంతు కూడా కాలేదు.

ఇక వాడకం. మన ఇళ్ళలో జంపఖానాకు అసలు శత్రువు రోజూ పెట్టే తడిగుడ్డ. నేల పూర్తిగా ఆరకముందే పరిస్తే అడుగున బూజు పడుతుంది. మా పనమ్మాయికి ఇది చెప్పీ చెప్పీ అలిసిపోయి, తుడిచే ముందు నేనే చుట్టి పక్కన పెడుతున్నా. కాఫీ ఒలికితే రుద్దకుండా పొడి నూలుగుడ్డతో అద్దాలి. కిటికీ ఎండ ఒకవైపే పడుతుంటే అప్పుడప్పుడూ దిశ మార్చాలి. దాచేటప్పుడు మడత పెట్టొద్దు, చుట్టి పాత దుప్పట్లో కట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఉన్నిదైతే పురుగు భయం కూడా ఉంటుంది, అప్పుడప్పుడూ విప్పి దులపాలి. టైల్స్ మీద జారుతుంది కాబట్టి అడుగున రబ్బరు జాలీ వేశాం. మా అత్తయ్యగారు ఆ జాలీ వచ్చేదాకా దాని మీద కాలు పెట్టనన్నారు, పెట్టలేదు.