తాతయ్య మోసిన వంతెన

మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధకాలంలో, సైన్యానికి వంతెనలూ దారులూ వేసే మద్రాస్ సాపర్స్ దళంలో చేరి బర్మా వెళ్లారు. తిరిగివచ్చాక ఆయన ఇంట్లో చెప్పిన కబుర్లన్నీ వంతెనల గురించే కాబట్టి, ఆయన జ్ఞాపకార్థం శ్రీకాళహస్తి పద్ధతిలో కలంకారీ తెర గీయాలనుకున్నప్పుడు, తుపాకీ పట్టిన వీరుణ్ణి కాకుండా బరువు మోస్తున్న మనిషినే గీయాలని నిశ్చయించుకున్నాను. తుపాకీ లేని సిపాయి బొమ్మేమిటని మా బాబాయి పెదవి విరిచారు.

తెర మధ్యగడిలో ఉన్నది, విడి చట్రాలను బిగించి కట్టే బెయిలీ వంతెనలోని ఒక చట్రం. పదడుగుల పొడవు, సుమారు 260 కిలోల బరువు ఉండే ఆ ఉక్కు చట్రాన్ని ఆరుగురు కలిసి మోయగలిగేలా, క్రేన్లు లేని చోట కూడా మనుషులే బిగించుకోగలిగేలా రూపొందించారు. 1944 డిసెంబరులో బర్మాలోని కలేవా వద్ద చింద్విన్ నదిపై 1,154 అడుగుల వంతెన లేచింది ఇటువంటి చట్రాలతోనే. అయితే పేరుమోసిన ఆ వంతెనను ఆయనకు అంటగట్టడం ఇష్టంలేక, ఆయన నోట విన్న వాగునూ, దాని మీది చిన్న వంతెననూ గీశాను.

కోరాగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడితే, పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కలకు పాకదు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టగా వచ్చే కసిమితో గీతలు గీయాలి. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీస్తుంటే, మొదట పలచగా కనిపించిన గీత గుడ్డలోని కరక్కాయ వగరు తగిలి నల్లబడుతుంది. ఆపైన చెరిపే వీలుండదు. ఉక్కు వంతెనకు ఇనుప సిరా చక్కగా అమరింది గానీ, తీగలకూ కనుబొమలకూ అలవాటుపడిన కలం తిన్నని కమ్మీల దగ్గర మొరాయించింది.

అంచుకు, బర్మా యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బర్మా స్టార్ పతకపు రిబ్బను రంగులనే తీసుకున్నాను. నడిమి ఎరుపుకు పటిక, మంజిష్ఠ; ముదురు నీలానికి నీలిమందు సరిపోయాయి. పసుపు మీద పలచగా ఎరుపు పడితేగాని నారింజ రాలేదు.

బొమ్మ కింద కథను తెలుగులో రాయడం ఈ తెరల సంప్రదాయం కనుక, అక్కడ తాతయ్య పేరు, దళం, చేసిన పని మాత్రమే రాశాను. బొమ్మలో చట్రం మోస్తున్న ఆరుగురిలో ఆయనెవరో తెలియాలని బాబాయి పట్టుబట్టడంతో, ఎడమ చివర మనిషికి ఆయన మెలితిప్పిన మీసం పెట్టాను.