గ్రేచా, బుల్కా, కొర్యూష్కా

మస్కట్‌లో ఆరేళ్ళు వెల్డర్‌గా చేశాను. అక్కడ హిందీ వస్తే రోజు గడిచిపోయేది. క్యాంపులో సగం మంది మన గోదావరి జిల్లాల వాళ్ళే. రష్యాలోని పీటర్స్‌బర్గ్ వచ్చాక ఆ ధీమా మొదటి వారంలోనే పోయింది. యార్డులో, బస్సులో, కొట్టులో ఎక్కడా హిందీ లేదు, ఇంగ్లిష్ కూడా లేదు. ఫోన్ తీసి యాప్‌లో చూద్దామంటే చేతులకి గ్లవ్స్, బయట మైనస్ పదిహేను. నాకు రష్యన్ వచ్చిందంటే మా యార్డు పక్కనున్న స్తలోవయా చలవే. స్తలోవయా అంటే క్యాంటీన్.

అక్కడ వడ్డించే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. రష్యాలో పెద్దవాళ్ళని పేరుకి తండ్రి పేరు కలిపి పిలవాలి. మన ‘గారు’ లాంటి మర్యాద అది. ఆ రెండు పేర్లూ నాకు నోరు తిరగక ‘త్యోత్యా’ అనేవాణ్ణి. పిన్నికీ అత్తకీ కూడా అదే మాట. ఆవిడ ఏమీ అనుకోలేదు.

ఆ భోజనానికి ఒక వరస ఉంది. సూప్‌ని ‘పెర్వయె’ అంటారు, మొదటిది. ‘వ్తరోయె’, రెండోది, అంటే మాంసమో చేపో, పక్కన బంగాళాదుంపో ఉడికించిన గింజలో. ‘త్రేత్యె’, మూడోది, అంటే ఎండు పళ్ళు ఉడికించిన కంపోత్. మనం పప్పు, కూర, పులుసు, పెరుగు అని వరస పెట్టుకున్నట్టే. లెక్క అలా పళ్ళెంలోంచి నేర్చుకున్నాను.

నేను గొడ్డుమాంసం తినను కాబట్టి ముందు ఆ మాట తెలియాలి. ‘గవ్యాదినా’ అని చెప్పింది. మర్చిపోయే మాట కాదు, లోపల మన గోవే ఉంది. రష్యన్‌కీ, మనకి ‘గోవు’ అనే మాట ఇచ్చిన సంస్కృతానికీ వెనక ఒకే పాత వేరు ఉందట. అప్పటినుంచి అలాంటివి వెతకడం మొదలుపెట్టాను. మాంసం ‘మ్యాస’. తేనె ‘మ్యోద్’, మన మధువు. ఎలుగుబంటి ‘మెద్వేద్’, అసలు అర్థం తేనె తినేది. చక్కెర ‘సాఖర్’, అది మన శర్కర నుంచే బయలుదేరి దేశాలు తిరిగి అక్కడికి చేరింది. చాయ్ సంగతి చెప్పక్కర్లేదు, హైదరాబాద్‌లో అన్నట్టే అంటారు.

పీటర్స్‌బర్గ్ వాళ్ళ మాటే వేరని కూడా తిండి దగ్గరే తెలిసింది. మాస్కో నుంచి వచ్చిన ఫోర్‌మన్ ‘గ్రేచ్కా’ అంటే, త్యోత్యా ‘గ్రేచా’ అని సరిచేసేది. ముదురు గోధుమరంగులో ఉండే గింజ అది. ఉడికిస్తే వేయించిన వాసన వస్తుంది. దానిమీద కెఫీర్, అంటే పులిసిన పాలు, పోసుకుంటే నాకు పెరుగన్నం తిన్నట్టు ఉండేది. మాస్కోలో షౌర్మా, ఇక్కడ షవెర్మా. ఇక్కడి పాతవాళ్ళకి తెల్ల రొట్టె ‘బుల్కా’. ‘ఖ్లెబ్’ అంటే నల్ల రొట్టే. ఆ తేడా నేను ఎప్పటికీ మర్చిపోను.

ఒకరోజు ఆలస్యమై, సగం తిన్న నల్ల రొట్టె ముక్కని పళ్ళెంతోపాటు చెత్త దగ్గర పెట్టేశాను. త్యోత్యా వచ్చి ఆ ముక్క తీసుకుంది. కోప్పడలేదు. కాగితం మీద 125 అని రాసి, పక్కన ‘గ్రామ్’ అని రాసింది. ‘స్తో ద్వాత్సత్ ప్యాత్’ అని నాచేత రెండుసార్లు చెప్పించింది. మిగిలింది రాత్రి యార్డులో తోటివాణ్ణి అడిగి తెలుసుకున్నాను. జర్మన్ సైన్యం ఈ ఊరిని 1941 సెప్టెంబర్ 8 నుంచి 1944 జనవరి 27 దాకా 872 రోజులు ముట్టడించింది. అప్పటి పేరు లెనిన్‌గ్రాడ్. 1941 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 వరకు, కార్మికులు కాని వాళ్ళకి, పిల్లలకి కూడా, రోజుకి 125 గ్రాముల రొట్టె. అందులోనూ పత్తిగింజల పిండి, చెక్క నుంచి తీసిన సెల్యులోజ్ కలిపేవారు. త్యోత్యా వాళ్ళమ్మ అప్పుడు చిన్నపిల్ల.

మా నాయనమ్మ కంచం చుట్టూ పడ్డ మెతుకులు ఏరుకుని కళ్ళకద్దుకుని తినేది. త్యోత్యా ఆ ముక్కని పట్టుకున్న తీరు చూస్తే ఆవిడే గుర్తొచ్చింది. ఆ జనవరి 27న పిస్కర్యోవ్‌స్కోయె శ్మశానానికి వెళ్ళాను. ముట్టడిలో పోయినవాళ్ళు సుమారు 5 లక్షల మంది అక్కడ ఉన్నారు. సామూహిక సమాధుల మీద పేర్లు లేవు, సంవత్సరం మాత్రం ఉంటుంది. మంచు మీద పూలు, వాటి పక్కన నల్ల రొట్టె ముక్కలు. ఎవరూ మాట్లాడటం లేదు. నా జేబులో ఉన్న ముక్క నేనూ పెట్టి వచ్చాను.

తాగుడు గురించి అందరూ అడుగుతారు. నేను ముట్టను. పుట్టినరోజులకి పిలిస్తే మోర్స్ పోసేవారు, అది ఎర్రటి క్రాన్‌బెర్రీ రసం. గ్లాసులో ఏముందని ఎవరూ చూడరు గానీ, తోస్త్‌కి, అంటే తాగే ముందు ఒకరు మాట చెప్పినప్పుడు, అందరూ గ్లాసు ఎత్తాలి. కలిసినందుకు, ఆరోగ్యానికి, అమ్మానాన్నలకి అంటూ ఒక్కో గ్లాసుకి ఒక్కో మాట చెబుతారు. పోయినవాళ్ళకోసం ఎత్తే గ్లాసుని మాత్రం ఒకదానికొకటి తగిలించరు. పక్కనుండే దోసకాయ, ఉప్పు చేప, రొట్టె ముక్కని ‘జకూస్కా’ అంటారు. మనం నంజుకునేదన్నమాట. ‘నా జ్దరోవ్యె’ అంటే తాగేటప్పుడు అనేదని విని వచ్చాను. అలా కాదు. భోజనం పెట్టినవాళ్ళకి మనం ‘స్పసీబా’, థాంక్స్, అని చెబితే, వాళ్ళు తిరిగి అనే మాట అది. త్యోత్యా రోజూ నాతో అనేది. ఒంటికి పట్టాలి నాయనా అన్నట్టు వినిపించేది.

ఎండాకాలం వచ్చాక క్వాస్ దొరికింది. రై అనే ధాన్యంతో చేసిన నల్ల రొట్టె నానబెట్టి పులియబెట్టిన నీళ్ళు. చక్రాల మీద పసుపు పీపా పెట్టి అమ్ముతారు. ఒక్క గుక్క తాగగానే తరవాణి కుండ గుర్తొచ్చింది. వేసవిలో అమ్మ గంజినీళ్ళు పులియబెట్టి, పొద్దున్నే అందులో అన్నం వేసి, ఉల్లిపాయ చేతికిచ్చేది. వీళ్ళు క్వాస్‌లో దోసకాయ, గుడ్డు, బంగాళాదుంప, ఉల్లికాడ వేసి చల్లగా తింటారు. అది అక్రోష్కా. త్యోత్యాకి తరవాణి ఎలా పెడతారో చెప్పడానికి నాకు పదిహేను నిమిషాలు పట్టింది. పులియడాన్ని ఏమంటారో తెలియక చేత్తో బుడగలు చూపించాను. అర్థం చేసుకుంది.

కొర్యూష్కా మాత్రం చెప్పకుండా ఉండలేను. ఏప్రిల్ ఆఖరుకి నెవా నది మీద మంచు కరిగాక, చిటికెనవేలంత లావున్న వెండిరంగు చేప సముద్రం వైపునుంచి నదిలోకి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వస్తుంది. మెట్రో స్టేషన్ల బయట పెట్టెల్లో పోసి అమ్ముతారు. పచ్చి చేప దగ్గర తాజా కీరా వాసన వస్తుంది, వీధంతా అదే. ఊళ్ళో అందరి మొహాల్లోనూ వెలుగు. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊరివాణ్ణి నేను. వరదనీటికి గోదావరిలోకి ఎక్కే పులస గురించి త్యోత్యాకి చెప్పబోతే, ఎదురీదడానికి మాట దొరకలేదు. ‘ప్రోతివ్ తిచేనియా’ అని ఆవిడే అందించింది.

వాళ్ళు కొర్యూష్కాని పిండిలో దొర్లించి వేయిస్తారు. నేను అర కిలో కొనుక్కుని, ఇంటినుంచి తెచ్చుకున్న చింతపండుతో హాస్టల్‌లో పులుసు పెట్టాను. కారం మూడోవంతుకి తగ్గించి మర్నాడు డబ్బాలో పట్టుకెళ్ళాను. త్యోత్యా రొట్టె ముక్క ముంచుకుని తింది. “కీస్లా” అంది, పుల్లగా ఉందని. ఇంకో ముక్క ముంచింది. డబ్బా తుడిచి ఖాళీ చేసి, “స్పసీబా” అంది.

“నా జ్దరోవ్యె” అన్నాను.