లక్కపళ్లెంలో నాణేలు

ఆదివారం. పొద్దున బట్టలు ఉతికి ఆరేయడం, మధ్యాహ్నం పప్పుచారు, ఆ తర్వాత ఓ కునుకు తీద్దామంటే నిద్ర పట్టలేదు. దాంతో ఈ మధ్య చదువుతున్న పెకింగ్ ఒపేరా (చైనా వాళ్ళ పాతకాలపు సంగీత నాటకం) నటుల సంగతులే ముందేసుకుని కూర్చున్నా, సాయంత్రం దాకా లేవలేదు.

చైనాలో పాతకాలపు గురుశిష్యుల మర్యాదలు అనగానే అందరూ చెప్పేది శిష్యుడిగా చేరే రోజు వేడుక గురించే. పెద్దల ఎదుట శిష్యుడు మోకరిల్లి, నుదురు నేలకు ఆనించి మూడుసార్లు మొక్కుతాడు, తనను చేర్చుకోమని రాసిన పత్రం ఇస్తాడు, రెండు చేతులతో టీ అందిస్తాడు. గురువు ఆ టీ తాగితే ఒప్పుకున్నట్టే. అప్పటి నుంచి ఆయన తండ్రి లెక్క, ఆయన భార్య తల్లి లెక్క, తనకంటే ముందు చేరినవాడు వయసులో చిన్నవాడైనా సరే అన్నగారే. ఈ చివరిది నాకు భలే నచ్చింది.

కానీ ఇవాళ నన్ను కదలనివ్వనిది మెయ్ లాన్‌ఫాంగ్ చిన్నప్పటి సంగతి. 1894లో పుట్టాడు, స్త్రీ పాత్రలకు దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. అలాంటివాడికి మొదట పాఠం చెప్పిన గురువు, నాలుగు పంక్తులు కూడా పట్టుబడటం లేదని విసిగిపోయి, ఈ విద్యలో నీకు అన్నం రాసిపెట్టి లేదు పొమ్మన్నాడు. తర్వాత వచ్చినవాడు వూ లింగ్‌షియన్. అప్పటికే ముసలాయన. బల్ల మీద కాంగ్‌షీ చక్రవర్తి కాలంనాటి నాణేలు పేర్చి పెట్టేవాడట, పిల్లాడు ఒక పాట ముక్క ఒకసారి పాడితే ఒక నాణెం లక్కపళ్లెంలోకి, పది అయ్యాక అన్నీ తీసి మళ్ళీ మొదటి చోటే పేర్చి ఇంకో పది. ఒక్కో ముక్క ఇరవై ముప్పైసార్లు! కునికిపాట్లు పడితే మెల్లగా తట్టి లేపేవాడు తప్ప కొట్టేవాడు కాదు. వూ కష్టాల్లో ఉన్నప్పుడు మెయ్ తాత, అంటే వూ ఒకప్పుడు పనిచేసిన నాటక బృందం పెద్ద, డబ్బు సాయం చేశాడు, ఆ మేలు మర్చిపోలేక మనవడికి అంత ఓపిగ్గా నేర్పాడు. నన్నడిగితే గురువు పాటించిన ఈ మర్యాద ముందు శిష్యుడి మూడు మొక్కులు చాలా చిన్నవి.

ఎందుకంటే రెండో వైపు ఘోరంగా ఉండేది. బీజింగ్‌లో 1904లో మొదలైన ఫులియన్‌చెంగ్ నాటక పాఠశాలలో ఏడేళ్ళ ఒప్పందం, తిండీ బట్టా వాళ్ళవే, ఆడిన ఆటల డబ్బూ వాళ్ళదే, ఒకడు తప్పు చేస్తే వరసగా అందరికీ దెబ్బలు. తర్వాత తనూ స్త్రీ పాత్రలకు పేరు తెచ్చుకున్న చెంగ్ యాన్‌చియూనయితే పేదరికం వల్ల ఆరేళ్ళకే ఒప్పందం రాసి ఒక గురువుకి అప్పగించారు, ఆయన ఇంటి చాకిరీ అంతా చేయించుకుని చావబాదేవాడు. అంత బాధలోనూ గురువు కాబట్టి ఎదురు చెప్పకూడదు. ఇది చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది, నిజంగా. మర్యాద అనేది ఒక్క చిన్నవాడి నెత్తినే పడితే దాన్ని సంప్రదాయం అని పొగడటం నాకు చేతకాదు.

చివరికి లో యింగ్‌గుంగ్ అనే కవి డబ్బు కట్టి గడువుకి ముందే ఆ ఒప్పందం నుంచి చెంగ్‌ని విడిపించాడు. ఆ తర్వాత అతను శిష్యుడిగా చేరింది మెయ్ లాన్‌ఫాంగ్ దగ్గరే. అక్కడ పాఠాలు ఎలా నడిచాయో రేపు ఆఫీసు నుంచి రాగానే చదవాలి.