ఓగు అంటే మోషేకు ఎందుకంత జంకు?

బైబిల్లో మహాకాయుల మాట ఎత్తితే మా సండే స్కూలు పిల్లలంతా గొల్యాతు పేరే అందుకుంటారు. నాకైతే ముందు బాషాను రాజు ఓగే గుర్తొస్తాడు. ద్వితీయోపదేశకాండము 3వ అధ్యాయం అతని ముఖం ఎలా ఉంటుందో చెప్పదు, మంచం కొలతలు మాత్రం చెబుతుంది. ఇనుప మంచం. పొడుగు 9 మూరలు, వెడల్పు 4 మూరలు. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర కాబట్టి 13 అడుగుల పైమాటే. అది అమ్మోనీయుల రబ్బాలో ఉంది కదా, అంటుంది ఆ వచనం, కావాలంటే వెళ్లి చూసుకోండి అన్నట్టు. ఆ రబ్బా ఉన్నచోటే ఇప్పుడు జోర్డాన్ రాజధాని అమ్మాన్ ఉంది.

రెఫాయీయులు అనే మహాకాయుల జాతిలో మిగిలింది ఓగు ఒక్కడే. ఆ తర్వాత యూదు రబ్బీల, అంటే యూదు మతబోధకుల, చేతుల్లో పడ్డాక అతని ఎత్తుకు హద్దు లేకుండా పోయింది. ఆ రబ్బీల చర్చలను కూర్చిన బబులోను తల్ముదులో, బెరాఖోత్ భాగంలో, ఇశ్రాయేలు పాళెమంత కొండను పెకలించి నెత్తిన పెట్టుకుని వస్తాడు, ఒక్క దెబ్బకు అందరినీ నలిపేద్దామని. దేవుడు పురుగులను పంపాడు. చీమలని కొందరు, మిడతలని కొందరు అంటారు. నాకు మిడతలే నచ్చుతాయి, ఎందుకంటే అంతకుముందు వేగులవాళ్లు కనానులో ఆ పొడుగు మనుషులను చూసి, వాళ్ల ముందు మేం మిడతల్లా ఉన్నామని బెంబేలెత్తించింది ఈ జనాన్నే. ఆ పురుగులు కొండకు బెజ్జం పెడితే అది జారి ఓగు మెడకు దిగబడింది. తీసేద్దామంటే పళ్లు అటూ ఇటూ పెరిగి అడ్డుపడ్డాయి. అప్పుడు 10 మూరల మోషే, 10 మూరల గొడ్డలి పట్టుకుని, 10 మూరలు ఎగిరి కొడితే తగిలింది చీలమండకు! ఇక ఆ 9 మూరల మంచం ఏ మూలకు?

అదే తల్ముదు నిద్దా భాగంలో అబ్బా షావూల్ అనే రబ్బీ చెప్పుకున్న ముచ్చట ఇంకా గొప్పది. ఆయన సమాధులు తవ్వేవాడు. ఒకసారి జింకను తరిమితే అది ఒక శవం తొడ ఎముకలో దూరింది. వెనకాలే మూడు పర్సాల దూరం, అంటే 12 కిలోమీటర్ల దాకా, పరుగెత్తాడు. జింకా దొరకలేదు, ఎముకా అయిపోలేదు. బయటికొచ్చాక తెలిసింది, అది ఓగుదని.

ఇవన్నీ నేను పిల్లలకు ఇష్టంగానే చెబుతాను. కానీ నా మనసు పట్టుకున్నది వేరే. సంఖ్యాకాండము 21లో ఓగుతో ఎద్రెయీ దగ్గర జరిగిన యుద్ధానికి ముందు దేవుడు మోషేతో, అతనికి భయపడవద్దు అంటాడు. అదే అధ్యాయంలో అప్పుడే అమోరీయుల రాజు సీహోనును ఓడించారు, అక్కడ ఈ మాట లేదు. మరి ఇక్కడే ఎందుకు? రబ్బీలు దీన్ని వదల్లేదు. అబ్రాహాము తమ్ముడి కొడుకు లోతు చెరపట్టబడ్డాడని, తప్పించుకొచ్చిన ఒకడు అబ్రాహాముకు కబురు చెప్పాడని ఆదికాండము 14లో ఉంది. ఆ ఒకడు ఓగే అన్నారు వాళ్లు. జలప్రళయాన్ని తప్పించుకుని బతికినవాడట. నోవహు ఓడ నిచ్చెన మెట్టు మీద కూర్చుంటే, నోవహు ఓడకు కంత పెట్టి రోజూ తిండి అందించాడని మరో పాత గ్రంథం చెబుతుంది.

అబ్రాహాముకు చేసిన ఆ మేలు ఓగుకు అడ్డుగా నిలుస్తుందేమోనని మోషే భయం. అది మంచి మనసుతో చేసిన మేలు కూడా కాదు. అబ్రాహాము యుద్ధంలో పోతే శారాను తాను చేసుకోవచ్చని ఓగు ఆశపడ్డాడని రబ్బీల బైబిలు వ్యాఖ్యానమైన మిద్రాష్ అంటుంది. అయినా లోతు చెర విడిపించుకుని ఇంటికొచ్చాడు కదా. దుర్బుద్ధితో చేసిన ఉపకారాన్ని కూడా లెక్కలోంచి కొట్టేయని ఈ న్యాయం నాకు ఎంత చదివినా తనివి తీరదు. శత్రురాజు విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉన్న ఆ రబ్బీలంటే నాకు గౌరవం.

సీహోను ఓగుకు తోడబుట్టినవాడేనని కూడా ఆ తల్ముదు నిద్దా భాగంలోనే ఉంది. అతణ్ణి చూసి మోషే జంకలేదు.